మంచులో ముందు నడిచిన భాయ్

పొగమంచును బొమ్మల్లో చూసి ముచ్చటపడే వాళ్ల చేతికి ఒక్క పొద్దు లోడు లారీ ఇవ్వాలి. అప్పుడు తెలుస్తుంది.

తెలంగాణ కోసం బంద్‌ల మీద బంద్‌లు నడుస్తున్న చలికాలం. సిరిసిల్లలో బట్టల బేళ్లు ఎక్కించుకొని రాత్రి కోరుట్లలో ఆగాం. బంద్ మొదలయ్యేలోపు జగిత్యాలలో ఉండాలని ఓనర్ ఒకటే ఫోన్లు. తెలంగాణ రావాలని మాకూ ఉంది. కానీ మంచులోకి పొమ్మనే ఓనర్‌కు స్టీరింగు ముందు కూర్చునే పనేముంది? నాతో రెండో డ్రైవరు, కోరుట్ల భాయ్. వాళ్లింట్లో చాయ్ తాగి, తెల్లవారుతుండగా బయల్దేరాం. "జర పైలం భాయ్‌సాబ్, ఈయనకు దుడుకెక్కువ" అని అతని భార్య నాకు అప్పజెప్పింది.

ఊరు దాటగానే రోడ్డు మాయమైంది. లైటు వేస్తే ఎదురుగా తెల్లగోడ. రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ పెట్టిన రాళ్లు ఎక్కడున్నాయో తెలియదు. ఇలాంటప్పుడు మాలో ఒకరు దిగి ముందు నడుస్తారు, ఇంకొకరు ఆ వీపును చూస్తూ తోలుతారు. తెల్ల తువ్వాల మంచులో కలిసిపోతుందని భాయ్ నల్లగొంగడి కప్పుకొని దిగాడు. నాకు ఆ నలుపే రోడ్డు.

కొంత దూరం పోయాక ఆ నలుపు నేలకు జారింది.

బ్రేకు తొక్కాను. బేళ్ల బరువుకు బండి ఇంకాస్త జరిగి ఆగింది. దిగి చూస్తే ముందు టైరు కింద గొంగడి. మోకాళ్ల మీద వంగి గొంగడి కిందికి చెయ్యి పెట్టాను. తడి తగిలింది. మంచో నెత్తురో తెలియలేదు. భాయ్ భార్యకు ఏ ముఖంతో చెప్పాలి?

"అన్నా, బండి కదలనియ్యకు. ఈడ ఆడోళ్లు కూసున్నరు."

ముందు మంచులోంచి భాయ్ గొంతు! లారీలు బంద్‌కు ముందే తప్పించుకుపోతున్నాయని ఊరివాళ్లు చీకటితోనే, రోడ్డు మీదే వండుకొని దారి ఆపే వంటావార్పుకు కూర్చున్నారు. తడికట్టెలు అంటుకోక పొయ్యి ఊదుతున్నారు. మంట కూడా కనబడలేదు. భాయ్ వాళ్లను చూసి, గొంగడి విసిరేసి ఉరికి, ఒక ముసలమ్మను రెక్కపట్టి లేపుతున్నాడు. ఆమె అతన్నే తిడుతోంది.

అంతలో ఓనర్ ఫోన్. సంగతి చెబితే, హారన్ కొడితే వాళ్లే జరుగుతారు, పొమ్మన్నాడు.

"నువ్వే వచ్చి తోలుకో" అన్నాను. వెనక ఏ బండి వచ్చి గుద్దుతుందోనని భాయ్, నేను లారీకి కొంత వెనక రోడ్డుకు అడ్డంగా రాళ్లు పేర్చాం. తాళంచెవి ముసలమ్మ చేతిలో పెట్టి, బంద్ అయినంక ఇయ్యమన్నాను.

ఆమె కొంగున ముడేసుకుంది. "కూసో కొడుకా, వణుకుతున్నవ్."