టేపులో లేని మాట

టేపులో నా గొంతు లేదు. పాస్టరుగారి ప్రశ్న ఉంది. వెనక వరసలో ఎవరిదో పసిపాప ఏడుపు ఉంది. నేను జవాబు చెప్పిన చోట కూడా ఆ ఏడుపు తెగకుండా సాగింది. ఆ తర్వాత అందరూ అన్న "ఆమెన్" ఉంది. నా మాట మాత్రం లేదు.

నేను పనిచేసిన పత్రికాఫీసుకి దయ్యాల కథలు చాలా వచ్చేవి. డెస్కులో పనిచేసినన్నాళ్ళూ ఒక్కటీ అచ్చుకి పంపలేదు. ఇప్పటికీ నమ్మను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉండేవాళ్ళం. నా చెల్లెలు గ్రేస్ అక్కడ నర్సు. నన్ను ఈ దేశానికి పిలిపించుకుంది అదే. ఒక శనివారం చర్చి సంఘం పిక్నిక్ అయ్యాక దానియేలు దాన్ని తన కారులో ఎక్కించుకున్నాడు. మా తెలుగు సంఘంలోవాడే, దాన్ని అక్కా అని పిలిచేవాడు. తాగి ఉన్నాడు. హైవే మీద కారు గోడకి కొట్టుకుంది. వాడు బతికాడు. శిక్ష పూర్తయ్యాక సంఘానికి తిరిగొచ్చాడు.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఇద్దరి మధ్య మనస్పర్థ ఉంటే, ప్రభు బల్ల దగ్గర రొట్టె తీసుకునే ముందు అందరి ఎదుటా సమాధానపడాలి. మనస్పర్థ! నా చెల్లెలి చావుకి వాళ్ళు పెట్టిన పేరు అది.

"పోయిన పిల్ల తిరిగొస్తుందా బాబూ? ఫర్‌గివ్ చేసేయ్. నీకే పీస్," అంది ఒకావిడ, పులిహోర గిన్నె మీద మూత సర్దుకుంటూ. ఆవిడ కూతురు పక్కనే నిక్షేపంగా నిలబడి ఉంది.

సిలువ మీద క్షమించినవాడికి ప్రాణం ఖర్చయింది. వీళ్ళు నన్ను భోజనాల వేళకి ముగించమంటున్నారు.

"బ్రదర్, ఈ తమ్ముణ్ణి క్షమించారా?" అని పాస్టరుగారు అడిగారు.

"క్షమించాను," అన్నాను. లోపల మండిపోతున్నా గట్టిగానే అన్నాను. దానియేలు నా చేతులు పట్టుకుని ఏడ్చాడు.

ఆరాధన రికార్డు చేసి ఇండియాలోని పెద్దవాళ్ళకి పంపడం అప్పట్లో మా అందరికీ అలవాటు. ఆ వారం టేపు గుంటూరులో ఉన్న మా అమ్మకి వెళ్ళాలి. రికార్డరు నా ఎదురుగానే బల్ల మీద ఉంది. పోస్టు చేసేముందు విని చూశాను. ఇంకో రికార్డరులో వేశాను. రిపేరు షాపులో చూపించాను. టేపు తెగలేదు, చెరగలేదు అన్నారు. చెరిగితే పాప ఏడుపూ పోవాలి కదా. ఆ రోజు వచ్చినవాళ్ళని విడివిడిగా అడిగాను. నా మాట విన్నామనే అందరూ చెప్పారు.

ఆ మాట మళ్ళీ వినాలని దానియేలు మా అపార్ట్‌మెంట్‌కి వచ్చాడు. టేపు పెట్టాను. ఆ చోటు రాగానే వాడు నా వైపు తిరిగాడు.

"అన్నా, నువ్వు అనలేదా?"

"అన్నాను. నువ్వూ విన్నావుగా."

"విన్నాను. మరి ఇందులో లేదేంటి?"

"నన్నడుగుతావేంట్రా?" అని అరిచాను.

"పోనీ ఇప్పుడను అన్నా. ఒక్కసారి. మనిద్దరమే ఉన్నాం కదా."

నిజమే. పాస్టరు లేడు, ఆమెన్ అనేవాళ్ళు లేరు. నోరు తెరిచాను. వచ్చింది వేరే మాట.

"బెల్టు పెట్టుకోమనైనా చెప్పావురా దానికి?"

వాడు తల వంచుకుని వెళ్ళిపోయాడు.

టేపు అమ్మకి పంపలేదు. ఇన్నేళ్ళయినా అందులో పాప ఏడుపు స్పష్టంగా వినిపిస్తుంది. నా గొంతు ఎందుకు లేదో నాకు తెలియదు.

దానియేలు ఇప్పటికీ ఆదివారం ఆదివారం సంఘానికి వస్తాడు. రొట్టె పళ్ళెం తన దాకా వస్తే, అందులోంచి ఏమీ తీసుకోకుండా పక్కవాళ్ళకి అందిస్తాడు.