పొడుగు పుస్తకంలో నలభై రెండు పేర్లు

ఆ రోజుల్లో చిన్నపిల్లల టీచరంటే ఏమిటో నాకు చాలా స్పష్టంగా తెలుసు. నాలుగు పాటలు అభినయంతో సహా రావాలి, చార్టు వంకర పోకుండా కత్తిరించాలి, పిల్లల ముక్కు తుడవడానికి కొంగు కాకుండా రుమాలు వాడాలి, అంతే. ఇప్పుడు ఉప్పల్లో ఇన్నేళ్ళుగా నర్సరీ పిల్లల మధ్య కూర్చుంటున్నాక చూసుకుంటే ఆ స్పష్టతలో పావు వంతు కూడా మిగల్లేదు. అది ఉద్యోగంలో చేరాక పోయిందనుకునేరు. చేరకముందే పోయింది. నాచారంలోని మా ట్రైనింగ్ కాలేజీలో, నాలుగో పేపరు దగ్గర పోయింది.

మా కాలేజీ ఒక బేకరీ మీద రెండో అంతస్తులో ఉండేది. (శిశు మనస్తత్వ శాస్త్రమంతా దిల్‌పసంద్ వాసనలోనే విన్నాను. ఇప్పటికీ ఆ సబ్జెక్టు పేరెత్తితే నాకు ఆకలేస్తుంది.) మాకు నాలుగో పేపరు చెప్పే ఆవిడని చార్టు మేడమ్ అనేవాళ్ళం. చంకలో చుట్టచుట్టిన చార్టు లేకుండా ఆవిడని ఎవరూ చూడలేదు. ఆ పేపరు పేరు ‘సమాజంలో ఉపాధ్యాయురాలి పాత్ర’. మొదటి రోజే ఆవిడ చార్టు విప్పి, "అమ్మాయిలూ, మీరు గదిలో టీచర్లు కాదు, గల్లీలో టీచర్లు!" అన్నారు. నేను రాసుకున్నాను. అర్థం కాలేదు. పక్క బెంచీ పిల్లని అడిగితే, "నాకూ సమజ్ కాలే, గనీ ఎర్ర పెన్నుతో గీత కొట్టుకున్న, నువ్వూ కొట్టుకో," అంది. కొట్టుకున్నాను.

గీతలతో పోయేది కాదని తర్వాత తెలిసింది. ఒక్కొక్కరికి ఒక్కో గల్లీ ఇచ్చారు. పదిహేను రోజులు ఆ గల్లీలో తిరగాలి, జనాన్ని పరిచయం చేసుకోవాలి, ఆఖరి రోజున ఆరేళ్ళలోపు పిల్లలున్న తల్లులతో సమావేశం పెట్టాలి. పదిహేను మంది తల్లులకు ఒక్కరు తగ్గకూడదు. బయటి నుంచి ఒక పరీక్షాధికారి వచ్చి చూస్తారు. తగ్గితే పేపరు పోయినట్టే, మళ్ళీ ఆర్నెల్ల తర్వాతే. నాకేమో ఉప్పల్లో ఒక ప్లేస్కూలు ఆంటీ, "సర్టిఫికెట్ తెచ్చుకో, జూన్ ఒకటి నుంచి వచ్చెయ్," అని మాటిచ్చేసింది. ఇంట్లో అందరికీ చెప్పేసుకున్నాను కూడా. కాబట్టి నా బతుకంతా ఆ పదిహేను మంది తల్లుల మీద ఆధారపడి ఉంది. "గల్లీలో ఏం చెయ్యాలి మేడమ్?" అని అడిగితే చార్టు మేడమ్, "వాళ్ళేం చెప్పినా శ్రద్ధగా వినాలి, రాసుకోవాలి, కాదనకూడదు," అన్నారు. ఆ మూడు ముక్కలే నా కొంప ముంచాయి.

మా నాన్న రైల్వేలో గుమాస్తా. నేను నోటుపుస్తకం కావాలంటే ఆయన అట్ట వేసిన పొడుగు రిజిస్టరొకటి తెచ్చిచ్చారు, "రాసేదేదో పద్ధతిగా రాయి," అని. అలా మెరూన్ అంచు యూనిఫాం చీర కట్టి, మెడలో కార్డు వేలాడేసుకుని, ఆ పొడుగు పుస్తకం పట్టుకుని నాచారం ఫ్యాక్టరీల వెనకున్న గల్లీలో అడుగుపెట్టాను. మొదటి గుమ్మంలో ఒక అవ్వ చిక్కుడుకాయలు తుంచుకుంటూ కూర్చునుంది.

"నమస్కారమండీ. మీ ఇంట్లో ఆరేళ్ళలోపు పిల్లలెంతమందండీ? వారి సమగ్ర వికాసం కోసమండీ," అన్నాను. (మాది గుంటూరు వైపు. నా నోట్లో అండీ లేకుండా వాక్యం ముగియదు. ఆ అండీలు విని నేనేదో పెద్దాఫీసు మనిషిననుకున్నారని చాలా రోజులకు గాని తెలియలేదు.)

అవ్వ నన్ను చూడలేదు, పుస్తకాన్ని చూసింది. "గదంతా నాకెర్కలేదు బిడ్డా. నా పేరు రాస్కో."

"మీకు చిన్న పిల్లలు..."

"పిల్లలు లేరు, మనుమలు లేరు. రాస్కో ముందుగాల."

కాదనకూడదు కదా. రాసుకున్నాను. ఒకటో నంబరు వేశాను. నాన్న పద్ధతిగా రాయమన్నారు మరి.

ఇక చూడండి నా అవస్థ. ఎదురింటావిడ పరుగెత్తుకొచ్చింది, "గామె పేరు రాస్తివి, మాది రాయవా? మేమేం పాపం జేసినం?" అంటూ. ఆవిడ వెనక ఇంకో ఇద్దరు. ఓ పెద్దాయన గడ్డం సగం గీసుకుని, మిగతా సగం సబ్బుతోనే వచ్చి నిలబడ్డాడు. "మీకు ఆరేళ్ళలోపు..." అనబోతే, "మా పిల్లలకు పిల్లలయిన్రు మేడం. అయినా రాయి. పేరుంటే ఏం పోతది?" అన్నాడు. ఆ తర్కానికి మా పేపర్లలో ఎక్కడా జవాబు లేదు. మధ్యాహ్నానికి లైను కట్టారు. పేరుతో ఊరుకోలేదు, పక్కన సంగతి కూడా రాయమన్నారు. మోరీ పొంగుతున్నది, రాయి. కరెంటు స్తంభానికి బుగ్గ లేదు, రాత్రయితే చీకటి, రాయి. పింఛన్ ఆగింది, రాయి. కోడలు మాటినదు, రాయి. శ్రద్ధగా విన్నాను, రాసుకున్నాను, కాదనలేదు. సాయంత్రానికి నలభై రెండు పేర్లు అయ్యాయి. ఇంటికెళ్ళి లెక్క చూసుకుంటే వాటిలో చిన్నపిల్లల తల్లులు పద్ధెనిమిది మంది ఉన్నారు. పదిహేను చాలు కదా! ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మర్నాటి నుంచి గల్లీలో నాకు ‘రాసుకునే మేడమ్’ అని పేరొచ్చింది. మనుషులకు నంబర్లొచ్చాయి. "నీదెంత? నాది పదకొండు," అని కులాయి దగ్గర గొప్పలు. మూడో నంబరుకీ నాలుగో నంబరుకీ పెద్ద గొడవయింది, తను ముందొస్తే ఆవిడని ముందెలా రాశావని. ముందైతే ఏమొస్తుందో వాళ్ళకి తెలుసేమో గానీ నాకు మాత్రం తెలియదు. గల్లీ మొదట్లో కిరాణా కొట్టతను ఉండేవాడు, అందరూ అన్న అనేవారు. ఉండబట్టలేక అతన్నే అడిగాను, "అన్నా, వీళ్ళంతా దేనికని పేర్లు రాయించుకుంటున్నారు?"

అతను పప్పు తూచడం ఆపి నా వంక చూశాడు. "నువ్వే చెప్పాలె మేడం. రాసేది నువ్వు గదా!"

"నాకు తెలియదన్నా."

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "గట్ల బయట అనకు. మస్తు పరేషానయితరు. ఇండ్ల జాగలకని ఒకలు, గ్యాస్ కని ఒకలు అనుకుంటున్నరు. నాదైతే ఇరవయ్యో నంబరు," అన్నాడు.

పరుగున వెళ్ళి చార్టు మేడమ్‌కి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ ఎవరి రికార్డో దిద్దుతూ తలెత్తకుండా, "నలభై రెండు మందా! వెరీ గుడ్. సమాజ భాగస్వామ్యం బాగుంది," అని నా పుస్తకంలో టిక్కు కూడా పెట్టారు. తప్పు చేశానో గొప్పపని చేశానో తేల్చుకోలేకపోయాను. టిక్కు పడిన తప్పుని ఏమంటారో నాకిప్పటికీ తెలియదు. అందుకని నోరు మూసుకుని సమావేశానికి సాక్సులతో బొమ్మలు కుట్టుకుంటూ కూర్చున్నాను.

ఆ రోజు రానే వచ్చింది. గల్లీ చివరి కమ్యూనిటీ హాల్లో నేను గోడకు ‘ఆటే చదువు’ అని చార్టంటించి వెనక్కి తిరిగేసరికి హాలు నిండిపోయి ఉంది. నలభై రెండు మందీ వచ్చారు. ఒక్కొక్కరి చేతిలో కవరు, కవర్లో ఆధార్ జిరాక్సు, రేషన్ కార్డు జిరాక్సు, రెండు ఫొటోలు. (ఫొటోలు ఎవరు తెమ్మన్నారో ఆ దేవుడికెరుక.) నా చేతికి ఏనుగు బొమ్మ, వాళ్ళ చేతుల్లో జిరాక్సులు. అంతలో పరీక్షకు వచ్చిన సారు, ఫైలు పట్టుకుని, గుమ్మంలోకి వచ్చారు. ఫైలు చూడగానే జనం నన్నొదిలేసి ఆయన్ని చుట్టుముట్టారు.

"సార్, నాది ఒకటో నంబరు!"

"సార్, నా కాయిదాలు జర సూడుండ్రి!"

ఆయన ఫైలు నెత్తి మీదికెత్తుకుని, "ఎవరమ్మా వీళ్ళంతా? తల్లులేరీ?" అని అరిచారు.

అప్పుడు అవ్వ నా కొంగు పట్టుకుంది. "బిడ్డా, ఇగ ఇప్పుడన్న చెప్పు. మా పేర్లు ఎందుకు రాసినవ్?"

ఏం చెప్పను? నోరు మూసుకుని బొమ్మలాట మొదలెట్టేస్తే పాసయిపోతానని తెలుసు. తల్లులందరూ అక్కడే ఉన్నారు. కానీ ఆ అవ్వ ఫొటో కోసమని నెత్తికి నూనె రాసి, నున్నగా దువ్వుకుని వచ్చింది. ఆమె మొహం చూస్తూ ఏనుగు గొంతుతో మాట్లాడటం నా వల్ల కాలేదు. ఏడుపొచ్చేసింది. "నేను ఆఫీసు మనిషిని కాదండీ. చిన్నపిల్లల టీచరు ట్రైనింగ్ చదువుతున్నాను. నా దగ్గర ఇళ్ళూ లేవు, పింఛన్లూ లేవు. మీరు రాయమన్నారు, నాకు వద్దనడం రాలేదు," అన్నాను, ఏనుగు బొమ్మతో కళ్ళు తుడుచుకుంటూ.

గడ్డం పెద్దాయన, "పొద్దుగాల పని ఇడిసిపెట్టి వచ్చిన," అన్నాడు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. అవ్వ మాత్రం గట్టిగా అంది, "అయితే నా పేరు కొట్టెయ్."

"ఎందుకండీ, ఉంటే ఏం పోతుంది?"

"వద్దు తల్లీ. ఉత్తగ ఏడనో పేరుంటే రేపు ఏం మీదికొస్తదో. కొట్టెయ్."

అంతే, మళ్ళీ లైను. ఈసారి కొట్టేయించుకోవడానికి. అదీ నంబరు ప్రకారమే! (మూడో నంబరూ నాలుగో నంబరూ మళ్ళీ పోట్లాడుకున్నారు.) నేను నంబరు చదవడం, పక్కన రాసిన సంగతి చదవడం, గీత కొట్టడం. గీత పడ్డవాళ్ళు పడ్డట్టే ఇళ్ళకు పోతున్నారు. సారు కుర్చీలో కూర్చుని గడియారం చూసుకుంటున్నారు. తల్లులు కూడా ఒక్కొక్కరే జారుకుంటున్నారు. అలా ఇరవై ఏడో నంబరు దాకా వచ్చి, "ఇరవై ఏడు. బాబుకి మూడున్నరేళ్ళు. పిలిస్తే పలకడు, మాటలు రాలేదు," అని చదివాను.

"హా, గదే. కొట్టెయ్ మేడం, నాకు డ్యూటీ టైమయితున్నది," అందామె. ప్యాకింగ్ కంపెనీలో పని. పిల్లాడు చంకలో ఉన్నాడు.

పెన్ను ఆగిపోయింది. పిలిస్తే పలకని పిల్లాడికి ముందు చెవులు చూపించాలని రెండో పేపర్లో రాసి డెబ్బై రెండు మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆ ముక్క స్వయంగా నా చేత్తో రాసుకుని, మోరీకీ స్తంభానికీ మధ్య పెట్టి, పదిహేను రోజులు చంకలో మోశాను. ఒక్కసారి కూడా తట్టలేదు! నా తలకాయని ఏమనాలి? "ఇది కొట్టనండీ," అన్నాను. "వీడి చెవులు ఎక్కడన్నా చూపించారా?"

"చెవులకేమైంది? వాళ్ళ నాయన గూడ లేటుగనే మాట్లాడిండట."

"ఒక్క నిమిషం బయటికి రండి," అని ఆమెను మెట్ల మీదకు తీసుకెళ్ళాను. ఒక నిమిషం అరగంటయింది. భయపడింది, కోప్పడింది, పిల్లాడి వెనక నిలబడి రెండు చేతులూ చరిచి చూసింది, వాడు తిరగకపోతే ఏడ్చింది. మర్నాడు పొద్దున్నే ఇద్దరం కలిసి పెద్ద దవాఖానాకు పోదామని ఒట్టు వేయించుకుని లోపలికొచ్చేసరికి తొమ్మిది మంది తల్లులు మిగిలారు. సారు లేచి నిలబడి, "ఆరుగురు తక్కువమ్మా," అన్నారు. బయట ఏం చేశావని అడగలేదు. నేనూ చెప్పలేదు. అప్పటికది మంచిపనో పిచ్చిపనో నాకే తెలియదు.

పేపరు పోయింది. ఉప్పల్ ఆంటీ ఇంకో అమ్మాయిని పెట్టుకుంది. ఇంట్లో నెల రోజులు తలెత్తుకోలేదు. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ గల్లీ ఎంచుకోమంటే అదే గల్లీ అన్నాను. "మళ్ళీ అదేనా?" అన్నారు చార్టు మేడమ్. "వాళ్ళకి నేనేమీ ఇవ్వనని ముందే తెలుసు మేడమ్," అన్నాను. ఈసారి పుస్తకం లేకుండా వెళ్ళి, ఫెయిలయ్యానని ఉన్నమాట చెప్పేశాను. కిరాణా అన్న కొట్లోంచే కేకేశాడు, "ఓ అక్కలూ, పాపం పిల్ల మనతోని ఫెయిలయ్యిందంట! అందరు నడువుండ్రి!" వచ్చారు. పంతొమ్మిది మంది తల్లులు, పైగా అవ్వ. అవ్వ తిన్నగా సారు దగ్గరికెళ్ళి, "సారూ, పిల్ల మంచిదే, జర అమాయకురాలు. పాస్ జెయ్యి," అని సిఫారసు కూడా చేసింది.

నేను బొమ్మలాట ఆడుతుంటే వెనక వరసలో ఠంగుమని చప్పుడయింది. ఎవరో స్టీలు గ్లాసు జారవిడిచారు. కాసేపటికి మళ్ళీ ఠంగుమంది. సారు విసుక్కుని, "ఎవరమ్మా అది? మాటిమాటికీ ఏమిటా చప్పుడు?" అన్నారు. చూద్దును కదా, ఇరవై ఏడో నంబరు. పక్కన వాళ్ళబ్బాయి, చెవికి కొత్త మిషను. ఆమె నా మాట ఒక్కటీ వినడం లేదు. గ్లాసు కింద పడేస్తోంది, వాడు చటుక్కున తిరిగి చూస్తున్నాడు, ఆమె నవ్వుకుంటూ గ్లాసు తీసి మళ్ళీ పడేస్తోంది.

సరిగ్గా అప్పుడే సారు నన్ను, "చెప్పమ్మా, సమాజంలో టీచరు పాత్ర ఏమిటి?" అని అడిగారు. పది పాయింట్లు కంఠతా పట్టుకుని వెళ్ళాను. ఆ గ్లాసు వంక చూస్తూ అన్నీ మర్చిపోయాను. "తెలియదు సార్," అన్నాను. ఆయన ఆ గ్లాసు వంకా, నా వంకా చూసి ఏదో రాసుకున్నారు. నలభై మార్కులొచ్చాయి. పాసుకి నలభయ్యే కావాలి. (ఇంట్లో అరవై అని చెప్పాను. ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను.)

ఈ మధ్య మా బళ్ళో కొత్తగా చేరిన అమ్మాయిలు నన్ను అదే ప్రశ్న అడుగుతుంటారు. తడుముకోకుండా పది పాయింట్లూ గడగడా చెప్పేస్తాను, వాళ్ళు రాసుకుంటారు. వాళ్ళు వెళ్ళాక, కుచ్చిళ్ళు జారిపోతున్న చీరలో పరీక్షాధికారి ముందు నిలబడి "తెలియదు సార్" అన్న ఆ మొద్దు పిల్ల గుర్తొస్తుంది. నవ్వొస్తుంది. దాని ముందు ఈ పది పాయింట్లూ ఒప్పజెప్పమంటే మాత్రం నాకు సిగ్గేస్తుంది.