నాన్న చూపు మీద నేను కట్టిన కథ

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధం నా గుండెల మీద కూర్చుని ఉంది. అబద్ధాలు నాకు కొత్త కాదు. మా రేవు పేట ఖిదిర్‌పూర్‌లో నా కోతలు వినడానికే టీకొట్టు దగ్గర జనం చేరతారు. కానీ ఇది ఆ జాతిది కాదు. మీతోనే చెబుతున్నాను.

మా నాన్న రేవులో క్రేన్ నడిపేవాడు. యాభై దాటేసరికి చూపు పోయింది. ఎందుకో ఎవరికీ తెలియదు. అందుకని తమ్ముడికి చిన్నప్పుడు నేనే ఒక కథ కట్టి చెప్పాను: క్రేన్ మీంచి సూర్యగ్రహణం చూశాడనీ, ఓడలన్నీ ఆయన కోసం కూత వేశాయనీ. వాడు నమ్మాడు.

తర్వాత నాకు గ్లకోమా బయటపడింది. చూపు నొప్పి లేకుండా అంచుల నుంచి తరుగుతుందనీ, పోయింది తిరిగి రాదనీ డాక్టర్ చెప్పాడు. ఇది వంశంలో నడుస్తుందట. జన్యువుల్లోని తేడాలు తోడబుట్టినవాళ్లందరికీ ఒకేలా రావట; ఒకరికి ముప్పు ఎక్కువ, ఒకరికి తక్కువ. “మీ నాన్నగారిదీ ఇదే అయ్యుండొచ్చు. తమ్ముణ్ని వెంటనే పరీక్షకు పంపండి” అన్నాడు.

పంపలేదు. ఎందుకు? వాడప్పటికే న్యూ టౌన్‌లో పన్నెండో అంతస్తులో ఇల్లు కొన్నాడు. నాన్న పొడుగు, నాన్న గొంతు, అమ్మ గారాబం, అన్నీ వాడికే. నా వాటాకి ఈ జబ్బా?

దసరా పూజల సెలవుల్లో వాడే వచ్చాడు.

“అన్నియ్యా, కళ్లజోడు కోసం ఎల్తే డాక్టరు అడిగేడు, మీ ఇంట్లో ఎవులికైనా కళ్ల జబ్బుందా అని. నాన్నకేటయిందో మళ్లీ సెప్పు.”

నా చొక్కా జేబులో చుక్కల మందు సీసా ఉంది.

“ఏటుంటాదిరా? గ్రహణం సూసేడు, కళ్లు పోనాయి. నలభై ఓడలు ఒక్కసారే కూతేసినాయి.”

“మొన్న ఇరవయ్యే అన్నావు కదేటి!”

పగలబడి నవ్వాడు. మా ఇంట్లో అలాంటి జబ్బేమీ లేదని డాక్టర్‌తో చెప్పి, కొత్త కళ్లజోడుతో సరిపెట్టుకున్నాడు.

వాడు మెట్లు దిగుతుంటే ఏమనుకున్నాను? వీడికీ రానీ, అప్పుడు సమానమవుతాం అని. నిజంగా అంత స్పష్టంగా అనుకున్నానా? అనుకున్నాను.

వచ్చింది. నాకంటే గట్టిగా. మందు వేసుకుంటూ నేను చూపు నిలబెట్టుకున్నాను. వాడికి తెలిసేసరికి ఎడమ కన్ను దాదాపు పోయింది. ఇప్పుడు రోడ్డు దాటాలంటే నా చెయ్యి పట్టుకుంటాడు. నాకూ ఉందని వాడికింకా తెలియదు.

మరిచిపోయానని, భయపడ్డానని, వాణ్ని కంగారు పెట్టడం ఇష్టంలేక ఊరుకున్నానని రకరకాలుగా రాసి చూశాను. ఏదీ నిలబడలేదు. ఓర్వలేక చెప్పలేదు. ఈ మాట రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. ఆ తేలికకి నేను తగినవాణ్నా? కాను.