అక్క ఎక్కలేని బండి

మా ఇంటి బండిని ఎంచింది మా ఆయన కాదు, మా అక్క కాలు. ఈ మాట అంటే మా ఆయనకు కోపం వస్తుంది. రానీ.

అక్క అంటే నాకు తోడికోడలు, మా ఆయనకు వదిన. మా అత్త చిన్న వయసులోనే పోతే, మా ఆయనకు అన్నం కలిపి పెట్టి, తల దువ్వి బడికి పంపింది ఈమే. బావ పోయిన తరువాత కూడా మా దగ్గరే ఉంటోంది. ఒక వానాకాలం వాకిట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. నెల్లూరులో ఆపరేషన్ చేశారు. లేచి కర్ర పట్టుకుని నడిచింది గానీ, కాలు ఒక ఎత్తుకు మించి లేవడం మానేసింది. ఫిజియోథెరపీ ఆపితే కీలు బిగుసుకుపోతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. అంటే వారం వారం నెల్లూరు పోవాలి. ఆదివారం గూడూరులో చర్చి ఉండనే ఉంది, అక్కడ ఆడవాళ్ళ వైపు పాట ఎత్తుకునేది ఆమే. మా ఊరి నుంచి హైవే ఎక్కేదాకా ఉన్న రోడ్డులో ఆటో ఎక్కితే మంచి తుంటి కూడా నిలవదు. అందుకని బండి కొనాలనుకున్నాం.

షోరూములో అమ్మే అబ్బాయిలు మైలేజీ గురించి, పాటల పెట్టె గురించి చెబుతుంటే అక్క వినేది కాదు. తలుపు తీయించి, పైన పిడి పట్టుకుని, కాలు లోపల పెట్టి చూసేది. కారులోకైతే కూలబడుతోంది, మళ్ళీ లేవలేకపోతోంది. జీపుల్లాంటివి అందడం లేదు. చివరికి ఒక బండి దగ్గర ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి కూర్చుని, కొంగు సర్దుకుని, "ఇది చాలబ్బయ్యా" అనింది. అది నాలుగు చక్రాలూ లాగే రకం. మా రొయ్యల గుంటల గట్ల మీద ఇసకలో దిగబడదని మా ఆయనకూ నచ్చింది. నేల నుంచి బండి తలుపు గడప దాకా రిబ్బను పెట్టి కొలిచి, అక్కడ ఒక ముడి వేసి నా సంచీలో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో నాకే తెలియదు. ఈ ఇంట్లో ఇన్నేళ్ళు కాపురం చేశాను కదా, ముందుజాగ్రత్త వచ్చి ఉంటుంది.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. అక్క ఎవరి సాయం లేకుండా ఎక్కేది, దిగేది. మెట్లు కూడా ఒక్కొక్కటిగా ఎక్కడం మొదలుపెట్టింది. ఆదివారం అందరికంటే ముందు తయారై బండి పక్కన నిలబడేది.

ఈలోగా చిల్లకూరు వైపు నుంచి ఇంకో రొయ్యల రైతు మా గుంటల దగ్గరికి వచ్చాడు. మాది ఎలాంటి బండో ఆయనదీ అలాంటిదే. చక్రాలు మాత్రం పెద్దవి, నల్లటి రిమ్ములు. రెండు బండ్లూ గట్టు మీద పక్కపక్కన నిలబడ్డాయి. ఆ సాయంత్రం మా ఆయన అన్నం సరిగ్గా తినలేదు.

"మన బండి ఎద్దు పక్కన దూడ మాదిరి ఉండాది మే" అన్నాడు.

"దూడైతే ఏంది, అక్క ఎక్కతా ఉండాది గదా" అన్నాను.

నెల్లూరులో చక్రాల షాపుకు నేనూ వెంట పడి పోయాను. గోడ నిండా రిమ్ములు వేలాడదీసి ఉన్నాయి. మా ఆయన ఒక్కోదాని ముందు నిలబడి, చేత్తో తడిమి, వెనక్కి జరిగి, మళ్ళీ దగ్గరికి వచ్చి చూశాడు. పెళ్ళిచూపుల్లో నన్ను అందులో సగం కూడా చూడలేదు. షాపాయన మంచివాడే. కంపెనీ ఇచ్చిన కొలత మీద కొంచెం పెంచితే ఫర్వాలేదని, మరీ పెంచితే మలుపు తిప్పినప్పుడు టైరు రాసుకుంటుందని చెప్పాడు. రిమ్ము పెద్దదైతే రబ్బరు పలచబడుతుంది, ఇసకలో గాలి తగ్గించి నడిపే వీలు ఉండదు అని కూడా చెప్పాడు. ఇసక కోసమే మారుస్తున్నానని మా ఆయన అంతకుముందే చెప్పి ఉన్నాడు. అయినా పెద్ద రిమ్ము మీద చెయ్యి తియ్యలేదు.

నేను రిబ్బను బయటికి తీశాను. "ఎక్కేదానికి ఎత్తు పెరగదా అన్నా?" అని అడిగాను.

షాపాయన మా ఆయన వైపు తిరిగి, "కొంచెం పెరుగుద్ది సార్" అన్నాడు. అడిగింది నేను, జవాబు సారుకు.

"రెండంగుళాలకు ఏమవుద్ది మే? నీకు తెలవదు, ఊరుకో" అన్నాడు సారు.

నాలుగు చక్రాలూ కలిసి లాగే బండి కాబట్టి నాలుగూ ఒకే కొలతవి ఉండాలని షాపాయన అంటే, అక్క ఎక్కే పక్క మాత్రం పాతవే ఉంచమన్నాను. వెటకారానికే అన్నాను. ఆయన నిజమనుకుని, అలా చేస్తే లోపల గేర్లు పాడవుతాయమ్మా అని ఓపికగా వివరించాడు. మా ఆయన వినబడనట్టు రిమ్ము మీద దుమ్ము తుడుస్తున్నాడు. నాలుగూ పెద్దవే వేయించుకుని, పాత చక్రాలు ఆ షాపులోనే వదిలేసి వచ్చాడు.

షాపాయన చెప్పినట్టే అయింది. ఇంటి మలుపు తిరిగేటప్పుడల్లా టైరు లోపల రాసుకుని గరగరమనేది. మళ్ళీ నెల్లూరు పోయి, స్ప్రింగుల మీద దిమ్మలు వేయించి బండినే పైకి లేపించాడు. రాసుకోవడం ఆగింది. నా రిబ్బను ముడి ఇప్పుడు గడపకు చాలా కిందుగా ఉంది. చూపించాను. ఫోను వచ్చిందని గట్టు వైపు నడిచి వెళ్ళాడు.

మా పక్కింటివాళ్ళయితే కొత్త బండికి చక్రాల కింద గూడూరు నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. మేము పాస్టరుగారి చేత ప్రార్థన చేయిస్తాం. ప్రార్థన అయ్యాక ఇంటికి పెద్దామె మొదట ఎక్కి కూర్చోవాలి, అది మా ఇంటి పద్ధతి. కొన్నప్పుడు ఒకసారి ఇదంతా అయింది. చక్రాలకు కూడా ప్రార్థన ఏమిటని నేను అన్నా మా ఆయన వినలేదు. పదిమంది చూడకపోతే అంత పెద్ద చక్రాలు ఎందుకు మరి. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందు అందరూ బండి మీద చేతులు పెట్టారు, పాస్టరుగారు ప్రార్థన చేశారు.

"ఎక్కు వదినా" అని మా ఆయన తలుపు తీశాడు.

అక్క పిడి పట్టుకుంది. కాలు లేపింది. గడప తగిలి కాలు కిందికి వచ్చేసింది. మళ్ళీ లేపింది. వెనక ఎవరో "స్తోత్రం" అన్నారు, ఎందుకన్నారో వాళ్ళకే తెలియాలి. నేను ముందుకు పోయేలోపల మా ఆయనా ఇంకొకాయనా చెరో చంక కింద చెయ్యి వేసి ఆమెను ఎత్తి సీటులో వేశారు. చీర మోకాళ్ళ పైకి లేచిపోయింది. చర్చి మగవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. అక్క చీర కిందికి లాక్కుని, బైబిలు ఒళ్ళో పెట్టుకుని, ఇంటికి వచ్చేదాకా దాన్ని రెండు చేతులతో మోకాళ్ళ మీద అదిమి పట్టుకుని కూర్చుంది. మా ఆయన మాత్రం బండి ఎంత బాగా పోతోందో చెబుతూనే ఉన్నాడు.

ఆ తరువాతి ఆదివారం ఆమె తయారు కాలేదు. పీట వేస్తామంటే, "నన్ను మూటను చేసినాడు మే, ఇంక నేను ఎక్కను" అనింది. ఆటో పిలిచాను. ఒకసారి పోయి వచ్చి రాత్రంతా మూలిగింది, రెండోసారి వద్దంది. నెల్లూరు పోవడం ఆగిపోయింది. ఇంట్లో నేను కాలు వంచి చాచి చేయించేదాన్ని, అది సరిపోలేదు. డాక్టరు చెప్పినట్టే కీలు బిగుసుకుంది. చర్చిలో పాట ఇప్పుడు ఇంకొకామె ఎత్తుకుంటోంది. శ్రుతి ఉండదు.

"పాత చక్రాలు వేయించు" అని నేను మా ఆయనతో ఎన్నిసార్లు పోట్లాడానో చెప్పలేను. అవి ఎప్పుడో అమ్ముడుపోయాయని చెప్పేవాడు. ఆ కొలతవి దేశంలో ఇంకెక్కడా దొరకవన్నట్టు చెప్పేవాడు.

చివరికి ఈ ఎండాకాలం బండికి రెండు పక్కలా మెట్లు బిగించుకుని వచ్చాడు. ఇంటి ముందు ఆపి హారన్ కొట్టాడు. నేను రిబ్బను తెచ్చి పెట్టి చూశాను. మెట్టు సరిగ్గా ముడి దగ్గరికి వచ్చింది. ఆ నిమిషం నాకు కూడా ఆశ పుట్టింది. అక్కను నడిపించుకుని బండి దాకా తీసుకొచ్చాను. పిడి పట్టుకుని ఆమె కాలు లేపింది. జానెడు లేచి ఆగిపోయింది. ఇంకోసారి ప్రయత్నించమని నేను అడగలేకపోయాను.

"మెట్టు పెట్టించినాను గదా వదినా, ఇంకేంది?" అన్నాడు మా ఆయన.

అక్క ఆయన మొహం చూసింది. కోపంగా కూడా చూడలేదు. "బాగుండాది అబ్బయ్యా" అని, నా భుజం పట్టుకుని ఇంట్లోకి తిరిగింది.

ఆ మెట్టు మీద ఆమె పాదం ఇంతవరకు పడలేదు. బజారుకు పోయేటప్పుడు నా పాదమే పడుతుంది. పడిన ప్రతిసారీ నా మొగుడి మీద ఒళ్ళు మండుతుంది.