జీన్స్‌కు మా బాపు దించిన రంగు

ఆ రోజుల్లో ఒంటిమీది బట్ట బాగుంటే బతుకు బాగున్నట్టేనని నమ్మేవాణ్ణి. తెలంగాణ వచ్చిన కొత్తలో షాద్‌నగర్‌లో ఓ కంపెనీ ఆఫీసులో చేరాను. అక్కడ మా సీనియర్ ఒకాయన (అందరం ఫ్యాషన్ బావ అనేవాళ్లం) జీన్స్ తొడలమీద తెల్లగా వెలిసి, ముచ్చటగా ఉండేది. అడిగితే రహస్యం చెప్పాడు. "ఒక్కసారి గూడ ఉతకని ముదురు నీలంది కొను తమ్మీ. ఆర్నెల్లు నీళ్లు తాకనియ్యకు. ముందే ఉతికితే రంగంత ఒక్కతీరుగ పోతది. తొడిగి తొడిగి ఉతికితే, మనిషి ఎట్ల నడిసిండో గట్ల దిగుతది." అంతే, అట్టలా బిగుసుకున్న జీన్స్ ఒకటి కొనేశాను.

రెండు నెలలు తొడిగాను. నడక ఉంటే కదా! పొద్దంతా కుర్చీలోనే. కూర్చునే చోట తప్ప ఎక్కడా రంగు కదల్లేదు (అది నలుగురికీ చూపించుకునే చోటు కాదాయె). అప్పుడు మా ఊళ్లో రోజంతా గొర్ల వెంట తిరిగే బాపు గుర్తొచ్చాడు. ఆఫీసులో మాత్రం మా నాయన వ్యవసాయం చేస్తాడని చెప్పుకునేవాణ్ణి. గొర్లు కాస్తాడనడానికి సిగ్గు.

ధోతి తప్ప ఎరగని బాపు, నేను ఊరికి తెచ్చి అడిగానని నా జీన్స్ తొడిగి, నడుముకు తాడు కట్టుకున్నాడు. మొదటిరోజే మంద చెదిరింది. "ఓరి కొడుకా, నన్ను జూసి ఎవడో దొంగోడనుకొని ఉరుకుతున్నయ్‌రా!" అని ఫోన్‌లో ఒకటే నవ్వు. అమ్మేమో "గీ కంపు నాతోని కాదు, గుంజి ఉతుకుత" అని గొడవ. "వద్దే, పోరడు ఆర్నెల్లన్నడు" అని బాపు దాన్ని మంచం కింద దాచేవాడట. ప్రతి ఆదివారం నాకు కబురు: "మోకాళ్లు తెల్లవడ్డయి. ఇంక జర తొడగాల్నా?"

నాలుగు నెలలకు ఉతికించి తెచ్చుకున్నాను. అబ్బ, ఏం రంగు! గొర్రెను మోకాళ్ల మధ్య ఇరికించి మందు తాపే చోట నున్నటి తెలుపు, జేబుమీద తంబాకు డబ్బా గుర్తు. గర్వంగా ఆఫీసుకు పోయాను. ఫ్యాషన్ బావ వంగి చూసి, "మోకాలొక జాగల, తెలుపొక జాగల ఉందేంది తమ్మీ? గిది నువ్వు నడిసింది కాదు. ఎవరు తొడిగిండ్రు?" అన్నాడు. బాపు నాకంటే పొట్టి, ఆ సంగతే మరిచిపోయాను. అందరూ నావైపే చూస్తున్నారు. నోట్లో అబద్ధం సిద్ధంగానే ఉంది, కానీ ఆ తెలుపు చూస్తూ చెప్పలేకపోయాను.

"మా బాపు. గొర్లు కాస్తడు," అన్నాను.

"గట్లనా! నాది గూడ ఒకటి తొడుగుతడేమో అడుగరాదు," అన్నాడు బావ. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

ఆ శనివారమే ఊరికి పోయి జీన్స్ బాపు చేతిలో పెట్టాను. ఆయన మొహం చిన్నబోయింది. "ఏం కొడుకా, రంగు మంచిగ రాలేదా?" అన్నాడు, తనదేదో తప్పయినట్టు. నాకు ఏడుపొచ్చింది. "మంచిగొచ్చింది బాపూ. గిది నీదే," అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే అప్పటి నాలోని ఆ కుర్రాడి మీద నవ్వూ జాలీ కలిసి వస్తాయి. మా బాపు గొర్లు కాస్తాడన్న ఒక్క మాట బయటపెట్టడానికి, పాపం, వాడు ఆయన్ని నాలుగు నెలలు జీన్స్‌లో నడిపించాడు.