ఇంజను లేని విమానానికి రేడియో

మదనపల్లె టమోటా మండీలో వేలం పిలిచే గొంతు నాది. నేను రేటు పిలిస్తే నిమ్మనపల్లెలో కోళ్లు లేస్తాయని అంటారు. అన్నది నేనే అనుకోండి.

కుప్పం అవతల, బీడుభూమిలో, నా మిత్రుడికి ఒక గ్లైడరు ఉంది. ఇంజను ఉండదు. జీపుకు తాడు కట్టి లాగితే గాలిపటంలా లేస్తుంది. పైకెళ్లాక తాడు వదిలేస్తే, ఆపైన గాలి దయ. మిత్రుడితో కలిసి చాలాసార్లు ఎగిరాను. ఇక ఒక్కడినే ఎగరాలని కోరిక. నా భార్య మాత్రం అడ్డం తిరిగింది.

"పైన నువ్వు మాట్లాడేది కింద నాకు ఇనిపించల్ల. లేదంటే ఒంటిగా ఎగిరేది లేదు."

రేడియో వేట మొదలైంది. కాక్‌పిట్‌లో బిగించే కొత్త రేడియో ధర వింటే, దానికి బదులు గ్లైడరుకు ఇంజనే పెట్టించుకోవచ్చనిపించింది. పైగా ఇంజను లేనిచోట కరెంటు పుట్టదు, అలాంటి రేడియో బ్యాటరీని తాగేస్తుంది. చివరికి పుంగనూరులో పాత సెట్లు బాగుచేసే ఆయన దగ్గర, చేత్తో పట్టుకునే జత ఒకటి చవకగా దొరికింది. నచ్చకపోతే వాపసు తీసుకుంటానన్నాడు.

ఆదివారం పొద్దున గ్లైడరు నేలమీద ఉండగానే లోపల కూర్చుని, మైకును పెదాలకు ఆనించి, మండీలో పిలిచినట్టే పిలిచాను. బీడు చివర రెండో సెట్టు పట్టుకున్న నా భార్య తల అడ్డంగా ఊపింది.

"జల్లెడలో గులకరాళ్లు పోసినట్టుండాది!"

ఇంకా గట్టిగా అరిచాను. గులకరాళ్లు ఇంకా పెద్దవయ్యాయట.

"వాపసు ఇచ్చెయ్ అబ్బా. చవకది చవకదే."

"ఒక్కసారి పైనుంచి సూస్తానే" అని బతిమాలి, మిత్రుడితో పాటు లేచాను.

తాడు వదిలాక చప్పుడంతా కిందే ఉండిపోయింది. రెక్కల మీద గాలి నిద్రలో ఊపిరిలా ఆడుతోంది. గుట్టలు ఎవరో కప్పుకుని పడుకున్న దుప్పట్లలా ఉన్నాయి. మబ్బు నీడ ఒకటి చెనిక్కాయ చేలమీద మెల్లగా నడుస్తోంది. మేమూ దానిలాంటివాళ్లమే అనిపించింది. అక్కడ అరవడానికి నాకు నోరు రాలేదు.

"యాల గమ్మునుండావు?" అంది రేడియో, నా భార్య గొంతుతో.

"ఈడ అంతా నిద్రపోతాండాది" అన్నాను, గుసగుసగా.

"ఇప్పుడు బాగా ఇనిపిస్తాండాది" అంది తనూ గుసగుసగానే. "నీ అరుపులకే గులకరాళ్లు రాలినట్టుండాయి. ఏం కనపడతాండాది?"

"పుంగనూరు కాడ మేసే ఆవులు. పిల్లిపిల్లలంత ఉండాయి. ఒకటి నన్ను సూసి తలూపింది."

"కుప్పం మీదినుంచి పుంగనూరు ఆవా?" నవ్వింది. "అబద్ధం ఒక్క అక్షరం పోకుండా దిగింది. ఆ సెట్టు వాపసు ఇయ్యొద్దు. దిగినాక నువ్వొక్కడివే పో."

మిత్రుడు గ్లైడరును మెల్లగా కిందికి తిప్పాడు.