జోర్హాట్ నుంచి నాలుగంకెలు

విజయరాణికి చదరంగం నేర్పింది వాళ్ల నాన్న. ఆయన పోయాక నూజివీడులో ఆమెను ఓడించేవాళ్లు లేకుండా పోయారు. ఓడిపోయి మళ్లీ ఆడటానికి వచ్చేవాళ్లు అంతకన్నా లేరు. హైస్కూల్లో లెక్కలు చెబుతూ, ఆదివారం చర్చి నుంచి వచ్చాక అటూ ఇటూ తనే కూర్చుని ఆడుకునేది. 1985లో ఏదో పత్రికలో పోస్టు ద్వారా చదరంగం ఆడించే సంఘం ప్రకటన చూసి పేరు పంపింది. అస్సాంలోని జోర్హాట్ నుంచి ఫూకన్ అనే రిటైర్డ్ సర్వేయరు ఆమెకు జోడీగా వచ్చాడు.

కార్డుకు నాలుగంకెలు. మొదటి రెండూ పావు ఉన్న గడి, తర్వాతి రెండూ అది వెళ్లే గడి. దాని కింద ఆమె కార్డు అందిన తేదీ, తను జవాబిచ్చిన తేదీ. అంతకుమించి ఫూకన్ ఒక్క ముక్క రాసేవాడు కాదు. ఎక్కడో బ్రహ్మపుత్ర పక్కన కూర్చున్న మనిషి బంటును తోస్తే, ఆరో రోజున మామిడితోటల ఊళ్లో తన బల్ల మీద ఆ బంటు కదిలేది. కార్డు వచ్చిన ప్రతిసారీ ఆమెకు ఒళ్లు జల్లుమనేది.

మరుసటి ఏడు ఏప్రిల్లో ఆట ఉన్నట్టుండి నత్తనడక పట్టింది. జోర్హాట్‌లో వేసిన ఆరు రోజులకు అందే కార్డుకు పద్నాలుగు రోజులు పట్టింది. ఆ తర్వాతది పదహారు రోజులకు వచ్చింది. రసాల సీజను కదా, బస్సుల నిండా మామిడి గంపలే, తపాలా సంచులు ఎక్కడో ఆగుతున్నాయనుకుంది. ఓ రోజు ఉండబట్టలేక పోస్టుమేన్ బుచ్చయ్యనే అడిగేసింది.

"కార్డులు మీ దగ్గరేమన్నా ఉండిపోతున్నాయా బుచ్చయ్యగారూ?"

ఆయన మొహం చిన్నబోయింది. "ఇరవై రెండేళ్ల సర్వీసండీ. ఒక్క ఉత్తరం కూడా నా సంచిలో ఒక పూట నిద్రపోలేదు టీచరుగారూ."

విజయరాణి సిగ్గుపడింది. ఆయన్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. కార్డులన్నీ తెచ్చి వరండాలో చాప మీద తేదీల వరసలో పేర్చింది. ఫూకన్ రాసిన తేదీలు చూస్తే ఆమె కార్డులు ఇప్పటికీ ఆరు రోజుల్లోనే అక్కడికి చేరుతున్నాయి. ఆయన ఆలోచనకు తీసుకుంటున్నదీ మునుపటిలాగే రెండు రోజులే. అంటే ఆలస్యమంతా వచ్చే దారిలోనే.

బుచ్చయ్య కళ్లజోడు పైకి తోసుకుని ముద్రలు చూడటం మొదలుపెట్టాడు. "ఇదిగోండి, ఈ మూడు కార్డుల మీదా ఒక ముద్ర ఎక్కువుంది. ఏదో మనకి తెలియని ఊరు. అక్కడికెళ్లి తిరిగొస్తోంది." కార్డు తిప్పి చిరునామా చూశాడు. "వెళ్లదూ మరి! పిన్‌కోడ్‌లో ఒకటి ఉండాల్సిన చోటల్లా ఏడు వేశాడాయన. కింద ఊరి పేరు చూసి ఎవరో మహానుభావుడు మనకి పంపుతున్నాడు."

"అది ఒకటేనండీ."

"ఒకటి కాదండీ, ఏడే. నేను రోజూ చూసే అంకెలు కదా."

ఆమె కార్డు అందుకుని వెనక్కి తిప్పింది. ఆట వైపు కూడా అంతే! 5777 అని ఉంది. దాన్ని తను 5171గా చదువుకుని, రాజును కోటలో పెట్టాడని పావులు జరిపేసింది. 57 అనే గడిలో ఆయన పావేదీ లేదు కాబట్టి, కళ్ల ముందున్న ఏడు ఆమెకు కనబడనే లేదు. బల్ల మీది ఆట ఆయన రాతను సరిదిద్ది చదివించింది. ఆ సాయం దారిలో సార్టింగ్ చేసేవాళ్లకు ఎక్కడిది?

అప్పుడు పాత కార్డు పక్కన కొత్త కార్డు పెట్టి చూసింది. మార్చి దాకా అచ్చు గుద్దినట్టున్న రాత. ఏప్రిల్ నుంచి గీతలు వణికి, అంకెల తలలు పక్కకు వాలిపోయాయి.

"పెద్దాయనకి ఏదో అయిందండీ," అన్నాడు బుచ్చయ్య మెల్లగా.

ఏమైందని అడగడానికి ఆమెకు చెయ్యి రాలేదు. రిప్లై కార్డు తెప్పించింది. రెండు కార్డులు అతికి ఉంటాయి, ఒకటి పంపడానికి, ఒకటి జవాబుకు. జవాబు కార్డు మీద తన చిరునామా గుండ్రంగా తనే రాసి, మొదటి దాని మీద తన ఎత్తు రాసి పోస్టు చేసింది.

పద్నాలుగో రోజున బుచ్చయ్య గేటు బయట నుంచే కేకేశాడు. "రావడానికి ఆరు రోజులేనండీ! ముద్ర చూసుకోండి!"

కార్డు మీద నాలుగంకెలతో పాటు మొదటిసారిగా రెండు వాక్యాలున్నాయి, ఇంగ్లీషులో, పెద్ద పెద్ద అక్షరాలతో. ఏప్రిల్లో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయిందట. ఎడమచేత్తో రాయడం నేర్చుకుంటున్నాడట, జవాబు కార్డుకు కృతజ్ఞతలట.

విజయరాణి ఆ ఎత్తును బల్ల మీద వేసింది. ఏనుగును ఊరికే వదిలేశాడు! ఆరోగ్యం బాగాలేక పొరపాటు పడ్డాడేమోనని జాలిపడబోయింది. సాయంత్రానికి జాలి ఎగిరిపోయింది. దాన్ని చంపితే ఏడెత్తుల్లో తన రాజుకు దారి మూసుకుపోతుంది, చంపకపోయినా దారి లేదు. మంచంలో పడుకుని, ఒక పక్క కదలని ఒంటితో, ఇంత దూరం చూశాడా ఆయన? వెనక్కి వెళ్లి మొత్తం ఆట మళ్లీ ఆడుకుంది. ఈ వల పన్నడం మొదలైంది ఆ వణుకు కార్డులతోనే.

మర్నాడు బుచ్చయ్య వస్తే బల్ల చూపించి, ఒక్కో ఎత్తూ జరిపి చెప్పింది. ఆయనకు సగమే అర్థమైనట్టుంది. అయినా చెప్పులు విడిచి వచ్చి, చాలాసేపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఓడిపోతారా మీరు?"

"ఓడిపోతానండీ," అంది ఆమె. గొంతులో సంతోషం దాగలేదు.

అయినా వదిలెయ్యలేదు. నవంబరు దాకా ఒక్కో కార్డూ కాచుకుని, చివరి గడి వరకూ ఆడి ఓడింది.